ఇంట్లో చాకు ఎవరిది?

మీ వంటింట్లో చాకు ఎవరిదమ్మా అని అడిగితే మీరేం చెబుతారు? "ఎవరిదేమిటి, ఇంట్లోది!" అంటారు. అదిగో, ఆ జవాబు మీదే నా పోట్లాట.

ఆయన కళ్ళజోడు ఆయనది. ఆయన గడ్డం గీసుకునే సెట్టు ఆయనది. దాని బ్లేడుతో మీరొక్క పెన్సిలు చెక్కి చూడండి, ఇల్లెగిరిపోతుంది. అబ్బాయి బ్యాటు అబ్బాయిది. అమ్మాయి ఫోను అమ్మాయిది, తాకితే తంటా. చాకు మాత్రం "ఇంట్లోది". అంటే ఏమిటన్నమాట? మూడు పూటలా దానితో పని చేసేది మీరు. దాన్ని పాడుచేసే హక్కు మాత్రం ఇంటిల్లిపాదికీ వుంది. స్విచ్చిబోర్డు మర వదులైతే చాకు. పెయింటు డబ్బా మూత రాకపోతే చాకు. స్కూటరు బ్యాటరీకి పట్టిన తెల్లటి పొక్కు గీకాలంటే చాకు. పార్సిలు విప్పడానికి చాకు, చిప్పలోంచి కొబ్బరి పెకలించడానికి చాకు, గోడకి కొట్టిన మేకు ఊడబెరకడానికి చాకు. ఇన్ని సేవలూ చేసి, మొన విరిగి, అంచుకి పళ్ళు పడి, సాయంత్రానికి అది మీ చేతికి వస్తుంది. మీరు దాంతో టమాటా కొయ్యాలి. కొయ్యడమెక్కడ, నలపడమే! పైగా, "నీ చేతిలో పడితే ఏ చాకైనా మొద్దుబారుతుందే!" అని ఒక బిరుదు కూడానూ.

లోకంలో కత్తి పట్టి బతికే ప్రతి మనిషికీ తన కత్తి తనదే. దర్జీ కత్తెరతో అట్టముక్క కత్తిరించబోండి, మిషను వదిలేసి మీదికొస్తాడు. మంగలి తన కత్తిని ఇంకొకడి చేతికివ్వడు. గీత కార్మికుడు చెట్టెక్కే ముందు గీతకత్తి నూరుకుంటాడు. ఆ కత్తిని పిల్లలు కాదు గదా, పెద్దవాళ్ళు కూడా ఊరికే ముట్టుకోరు. కత్తి చెడితే ఆ పూట గీత చెడుతుంది, గీత చెడితే కల్లు లేదు, కల్లు లేకపోతే డబ్బు లేదు. అందుకని దానికంత మర్యాద.

మేముండేది మేడ్చల్ వైపు. ఇప్పుడు ఇటంతా అపార్టుమెంట్లూ, విల్లాలూ, మందుల కంపెనీలూ, గోదాములూ. ఒకప్పుడు మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ద్రాక్షతోటలుండేవి. హైదరాబాదు పేరు చెబితే అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష గుర్తుకొచ్చే రోజులవి. ద్రాక్షతీగని ఇక్కడ ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి. ఆ కత్తెర మొద్దుదైతే తీగ తెగదు, నలుగుతుంది. నలిగిన చోట తెగులు పడుతుంది. గుత్తులు కోసేటప్పుడూ అంతే, గుంజితే పండు రాలుతుంది. అందుకని తోట యజమాని ఎంత పిసినారి అయినా, కూలికొచ్చిన ఆడమనిషి చేతికి పదునైన కత్తెరే ఇవ్వాలి. ఆమె మీద ప్రేమతో కాదు, పంట మీద ప్రేమతో!

మరి ఇంట్లో? ఇక్కడ నలిగేది ఇల్లాలి వేళ్ళే కదా! బజారులో ధర పలికే సరుకు కాదు గదా! అందుకని మొద్దు చాకు చాలు. నేనేదో పెద్దమాట అంటున్నాననుకోకండి. మిక్సీ పాడైతే మర్నాడు కొత్తది వస్తుంది, పచ్చడి ఆగిపోతుంది కనుక. టీవీ పాడైతే ఆ సాయంత్రమే మెకానిక్కు వస్తాడు. చాకు మొద్దుబారితే ఏమీ ఆగదు. మీరు ఇంకో పావుగంట ముందు లేస్తారు, అంతే. మీ పావుగంటకి ఇంట్లో లెక్క లేదు గనక చాకుకీ లెక్క లేదు. నా వాదమంతా ఇంతే.

మన పెళ్ళిళ్ళు చూడండి. మా వైపు పెళ్ళికొడుకు చేతికి బాకు ఇచ్చి, దాని మొనకి నిమ్మకాయ గుచ్చుతారు. ఆయన దాన్ని పట్టుకుని మహారాజులా కూర్చుంటాడు. పెళ్ళికూతురి చేతిలో కొబ్బరిబొండం. తలంబ్రాలు అయిపోతాయి, ఫోటోలు అయిపోతాయి. మర్నాటి నుంచి ఆ నిమ్మకాయ కొయ్యాల్సింది ఎవరు? కొబ్బరి తియ్యాల్సింది ఎవరు? బాకు పట్టుకున్న చెయ్యి మళ్ళీ జన్మలో కత్తి ముట్టదు. బొండం పట్టుకున్న చెయ్యి చచ్చేదాకా కత్తి వదలదు. శాస్త్రం తెలిసిన పెద్దలు ఆ బాకేదో పిల్ల చేతికే ఇస్తే అర్థవంతంగా వుండేది!

ఇంక మగవాళ్ళ చాకుల సంగతికి వద్దాం. వాళ్ళకీ చాకులంటే ఇష్టమేనండీ. కాకపోతే కొయ్యడానికి కాదు, కలిగి వుండడానికి. అమెరికా నుంచో, దుబాయి నుంచో వచ్చిన బంధువు ఒకటి తెచ్చిస్తాడు. లేదా ఆయనే ఫోనులో రాత్రి రెండింటిదాకా చూసి తెప్పించుకుంటారు. ఇరవై పనిముట్లు ఒకే పిడిలో మడిచి వుంటాయి. రంపం, ఆకురాయి, స్క్రూడ్రైవర్లు మూడు, సీసామూత తీసేది, చేపపొలుసు గీకేది, పళ్ళు కుట్టుకునే పుల్ల. సారాసీసా బిరడా లాగే మెలికల కమ్మీ కూడా! మన ఇళ్ళల్లో ఆ మెలికల కమ్మీ ఎవరికమ్మా? ఒక ఆదివారం పొద్దున అన్నీ తెరిచి, నూనె రాసి, అందరికీ చూపించి, మళ్ళీ మడిచి బీరువాలో పెడతారు. "దీంతో ఈ వంకాయలు నాలుగు కోసుకోనా?" అంటే, "ఛ, ఛ, అది దానికి కాదు!" అంటారు. మరి దేనికండీ?

ఆ చాకుల చరిత్ర తెలిస్తే ఈ ముచ్చట ఇంకా తమాషాగా వుంటుంది. స్విట్జర్లాండులో ఇబాక్ అనే ఊళ్ళో కార్ల్ ఎల్జెనర్ అనే ఆయన 1884లో చాకుల కార్ఖానా పెట్టాడు. 1891లో సైన్యానికి చాకులివ్వడం మొదలుపెట్టాడు. ఆ సిపాయి చాకు దేనికనుకున్నారు? శత్రువుని పొడవడానికి కాదు. తిండి డబ్బా మూత కొయ్యడానికీ, తుపాకీ మర విప్పడానికీనూ! అంటే సగం వంటింటి పనే. 1897లో ఆఫీసర్ల కోసం తేలికైన చాకు తయారుచేశాడు. 1909లో వాళ్ళమ్మ చనిపోతే ఆమె పేరు విక్టోరియా అని కంపెనీకి పెట్టుకున్నాడు. తర్వాత తుప్పు పట్టని ఉక్కుకి ఫ్రెంచివాళ్ళు వాడే మాటలోంచి "ఇనాక్స్" అన్న ముక్క 1921లో దానికి అతికించారు. విక్టోరినాక్స్ అయింది. ప్రపంచంలో అందరూ ఎరిగిన జేబుచాకుకి వున్నది ఒక తల్లి పేరు! మన ఇళ్ళల్లో ఆ తల్లి పేరున్న చాకు తండ్రుల బీరువాల్లో బందీగా వుంది.

పట్టకారు వున్న పెద్దరకం కథ వేరు. టిమ్ లెదర్‌మాన్ అనే అమెరికా ఆయన 1975లో భార్యతో కలిసి పాత ఫియట్ కారులో యూరపు తిరిగాడు. దారిలో కారు మొరాయించేది, దిగిన హోటళ్ళలో కుళాయిలు కారేవి. చేతిలో చాకు వుంది గాని పట్టకారు లేదే అని ఆయన బాధ. ఆ బాధలోంచి పుట్టిన పనిముట్టు 1983లో బజారుకొచ్చింది. మంచి వస్తువే, కాదనను. ఆ ప్రయాణంలో రొట్టె ఎవరు కోశారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

జేబుచాకు అన్న మాటే చూడండి. మనకి జేబేదీ? చీరకి జేబు లేదు. కుట్టించుకున్న డ్రెస్సుకి జేబు పెట్టమంటే దర్జీ వింతగా చూస్తాడు. జేబు లేని వాళ్ళకి జేబుచాకు ఎందుకు అనుకున్నారేమో పెద్దలు! కాని మన అమ్మమ్మలకి ఈ సంగతి బాగా తెలుసు. వాళ్ళ ఆకువక్కల సంచీ గుర్తుందా? అందులో సున్నపుకాయ, వక్కలు, దాంతోపాటు బుజ్జి అడకత్తెర. ఆ సంచీ ఎవరూ ముట్టడానికి వీల్లేదు. తాతగారైనా సరే, "కాస్త వక్క కత్తిరించి పెట్టవే" అని అడగాల్సిందే. ఆవిడ అడకత్తెరతో ఎవరూ మేకులు పీకలేదు. మనం చదువులు చదివి, ఉద్యోగాలు చేసి, అమ్మమ్మకున్న ఆ ఒక్క హక్కునీ పోగొట్టుకున్నాం.

మొన్న వానలు వెనకబట్టిన రోజుల్లో బంధువులంతా వస్తే శామీర్‌పేట చెరువు కట్టకి వెళ్ళాం. జామకాయలు కొన్నాం. మా మరిది జేబులోంచి తన బహుపనుల చాకు తీశాడు. బరువు పావుకిలోకి దగ్గర. ఒక మడత తీస్తే రంపం వచ్చింది. ఇంకోటి తీస్తే ఆకురాయి. మూడోది గోరు విరిచింది గాని తెరుచుకోలేదు. నాలుగోదానికి బ్లేడు దొరికింది. దాన్ని జామకాయకి పెట్టి నొక్కితే కాయ చేతిలోంచి జారి కట్ట దిగువకి దొర్లిపోయింది. పిల్లలు పకపకా నవ్వారు. పక్కనే బుట్ట పెట్టుకు కూర్చున్న ఆమె, "ఇటియ్యుండ్రి" అని కాయ తీసుకుని, జానెడు కూడా లేని కత్తితో నాలుగు చెక్కలు చేసి, ఉప్పూకారం అద్ది ఇచ్చింది. రెప్పపాటు పట్టింది. ఆ కత్తి నూరీ నూరీ సగానికి సగం అరిగిపోయి వుంది. చెక్కపిడికి గుడ్డపేలిక చుట్టి వుంది.

మావాడికి కారు మీద కట్టిన తాడు కొయ్యాల్సి వుంది. "ఆ కత్తి ఒకసారి ఇస్తావా అమ్మా, తాడు కోసి ఇచ్చేస్తా" అన్నాడు.

"ఇయ్య బిడ్డా" అంది ఆమె. "ఇది కాయల కత్తి. తాడు కోస్తే రేపు నేను కాయలు దేంతోని కొయ్యాలె?"

"రోజూ నూరతావా?" అన్నాను నేను.

"పొద్దుగాల్ల రాయి మీద రెండు గీతలు గీస్త. గంతే."

వాడికి కోపం వచ్చింది గాని నాకు ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. "ఇయ్య" అన్న ఆ ఒక్క మాట మన వంటింట్లో మనమెప్పుడైనా అన్నామా? నేను బి.ఏ. చదివాను. చాకు విషయంలో ఆవిడ ఎం.ఏ.

సరే, మాకూ ఒకటి కావాలి, ఏం చూసి కొనమంటావు అంటారా? చెబుతాను. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

మొదటిది, పనిముట్ల లెక్క చూసి మోసపోకండి. ఏడు పనిముట్లున్నది ఒకటున్న దానికన్నా ఏడు రెట్లు మంచిది కాదు. ఒక వారం రోజులు మీకు కావలసినవేమిటో లెక్కవేసుకోండి. పండు కొయ్యడం, పాలపాకెట్టు, మందుల అట్ట, పార్సిలు టేపు, దారం, కొత్త బట్టకి వేలాడే చీటీ, కళ్ళజోడు మర. దీనికంతటికీ కావలసింది ఒక బ్లేడు, ఒక చిన్న కత్తెర, ఒక స్క్రూడ్రైవరు. మిగతాదంతా బరువు. వేలెడంత చాకులు కత్తెరతో సహా ఇరవై గ్రాముల పైచిలుకు బరువుతో వస్తున్నాయి. అవి పండు కొయ్యడానికి చాలవు గాని మిగిలిన పనులకి భేషుగ్గా వుంటాయి. పట్టకారున్న పెద్దది ఇంటికి ఒకటి వుండవలసిందే. అది సొరుగులో వుండాలి, భుజానికి వేళ్ళాడే సంచీలో కాదు.

రెండోది, పొడుగు. పండ్లు కొయ్యడానికి రెండున్నర నుంచి మూడంగుళాల బ్లేడు చాలు. అంతకన్నా పొడుగుది వంటింటి చాకు, మడిచి తీసుకువెళ్ళనక్కరలేదు. మీట నొక్కితే "టక్" మని ఎగిరి తెరుచుకునేది అసలొద్దు. రాంపురి చాకులు హిందీ సినిమాల విలన్లకి బాగుంటాయి. మీరు జామకాయ కొయ్యబోతున్నారు, బెదిరించబోవడం లేదు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. తెరిచిన చాకు మీ వేళ్ళ మీదికి ముడుచుకుపోకూడదు. ఉత్త స్ప్రింగు బిగువు మీద ఆగేవి కొన్ని వుంటాయి. మొన మీద బలం పెడితే మూసుకుంటాయి. గట్టి పనికి లాక్ వున్నది తీసుకోండి. ఫ్రాన్సులో 1890 నుంచి వస్తున్న ఓపినెల్ అనే చెక్కపిడి చాకు వుంది. దానికి 1955లో మెడ దగ్గర తిరిగే చిన్న రింగు పెట్టారు. తెరిచి రింగు తిప్పితే బ్లేడు కదలదు. ఇంత చిన్న ఉపాయం చాలు. కొనే ముందు దుకాణంలోనే పదిసార్లు తెరిచి మూయండి. బ్లేడు పక్కలకి ఊగుతుందా? మూసినప్పుడు మొన బయటికి కనబడుతుందా? మీ గోటితో తేలిగ్గా తెరుచుకుంటుందా? ఆయన తెరిచి చూపిస్తే సరిపోదు. మీ చేత్తో మీరే తెరవాలి. మగవాడి బొటనవేలికి చేసిన స్ప్రింగు మన గోళ్ళు విరుస్తుంది.

నాలుగోది, పిడి. నున్నటి స్టీలు పిడి చూడ్డానికి సొగసే. మన చేతులు పొడిగా వుండేదెప్పుడు? నూనో, నీళ్ళో, మామిడిపండు రసమో! అందుకని కాస్త గరుకుగా, అరచెయ్యి నిండేటట్టు వుండాలి.

అయిదోది ఉక్కు. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇది మన సొంత సంగతి. మేడ్చల్ స్టేషన్లో నిజామాబాదు వైపు రైలెక్కండి. ఆ జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడి కొలిమివాళ్ళు మట్టి మూసల్లో ఉక్కుముద్దలు కరిగించి తీసేవాళ్ళు. పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చి ఆ ముద్దలు కొనుక్కుని పోయేవాళ్ళు. లోకమంతా పేరు మోసిన డమాస్కస్ కత్తులకి ఇలాంటి ఉక్కే ఆధారం. ఇంగ్లీషులో దాన్ని "వూట్జ్" అంటారు. అది మన "ఉక్కు" అన్న మాటే వాళ్ళ నోట్లో పడి నలిగి అలా అయిందని పండితులు చెబుతారు. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే, విద్యుత్తు సంగతులు కనిపెట్టిన ఆ ఫారడేనే, 1819 నుంచి రెండుమూడేళ్ళు ఆ ఉక్కు రహస్యం కోసం ప్రయోగాలు చేశాడు. అంత ఉక్కు పుట్టిన నేల మీద నిలబడి మనం మొద్దు చాకుతో టమాటాలు నలుపుకుంటున్నాం. సిగ్గుగా లేదూ?

ఇప్పటి చాకుల్లో రెండు రకాల ఉక్కు వుంటుంది. పాతకాలపు కార్బన్ ఉక్కు తొందరగా పదునెక్కుతుంది, బాగా కోస్తుంది. కాని చింతపండు, నిమ్మకాయ, మామిడికాయ తగిలితే నల్లబడుతుంది. తడి మీద వదిలేస్తే తుప్పు. మన వంటే పులుపు మీద నడుస్తుంది కదా! అందుకని సంచీలో చాకుకి స్టెయిన్‌లెస్ ఉక్కే నయం. అయితే స్టెయిన్‌లెస్ అంటే అమృతం తాగింది కాదు. ఉప్పునీళ్ళలో రాత్రంతా నానబెడితే దానికీ మచ్చలు పడతాయి. కడిగి, వెంటనే తుడిచి, ఆరాకే మడవండి. కీలులో పండ్లరసం చిక్కుకుంటే వాసన, జిగురు, ఆ పైన తుప్పు. నెలకోసారి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క కీలులో వేసి, కారింది తుడిచెయ్యండి.

"ఇదంతా ఎందుకు, కత్తిపీట లేదా?" అంటారు మా పక్కింటి పెద్దావిడ. ఉందండీ, దానికి సాటి లేదు. కాలితో తొక్కిపట్టి రెండు చేతులూ వాడుకోవచ్చు, బూడిద గుమ్మడికాయైనా దాని ముందు తల వంచాల్సిందే. కాని దాన్ని బస్సులో తీసుకువెళ్ళలేం. నలభై దాటాక మోకాళ్ళు కూడా ఒప్పుకోవు.

ఎంత మంచి చాకైనా నూరకపోతే రేకుముక్కే. ఆ జామకాయల ఆమె పొద్దున్నే గీసే రెండు గీతలున్నాయే, అసలు విద్య అది. హార్డ్‌వేరు దుకాణంలో ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు వుండే నూరుడురాయి దొరుకుతుంది. కింద తడిగుడ్డ వేస్తే జరగదు. రాయి మీద చాకు ఎంత వాలుగా పెట్టాలి? ఒక కాగితం మూలని సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడవండి. ఆ సన్నటి కోణమే, ఇరవై డిగ్రీల చిల్లర. అదే వాలులో రెండువైపులా సమానంగా గీయండి. ఒకవైపు గీస్తుంటే రెండోవైపు అంచుకి సన్నటి గరుకు వేలికి తగులుతుంది. తగిలిందంటే ఆ వైపు పని అయినట్టు. చివర్లో నునుపు వైపు నాలుగుసార్లు. రాయి లేకపోతే ఊరగాయ జాడీ బోర్లించండి. దాని అడుగున మెరుపు పూయని గరుకు అంచు వుంటుంది చూశారూ, అది చాలు. చక్రం తిప్పి సాన పట్టేవాళ్ళ దగ్గర నిప్పురవ్వలు చూడ్డానికి బాగుంటాయి గాని, వేడికి అంచు నీలం తిరిగితే ఆ పదును నిలవదు. నూరిన చాకుని మళ్ళీ గ్రానైటు గట్టు మీదా, స్టీలు పళ్ళెంలోనూ కొయ్యకండి. చెక్కపలక వాడండి. రంపపు పళ్ళున్న చాకు రొట్టెకి మంచిదే, కాని దాన్ని ఇంట్లో నూరలేం.

పదును అంటే భయపడేవాళ్ళకి ఒక మాట. చెయ్యి తెగేది పదునైన చాకుతో కాదు, మొద్దు చాకుతోనే ఎక్కువ. మొద్దుదైతే బలం పెడతాం. బలం పెడితే జారుతుంది. జారితే కాయ పట్టుకున్న చేతి మీదికే పోతుంది. పదునైనది చెప్పినచోట ఆగుతుంది. పిల్లల సంగతా? చాకు దాచిపెట్టిన ఇంట్లో పిల్లలు రహస్యంగా తీస్తారు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లకీ, పిల్లాడికీ, ఇద్దరికీ, ఎదురుగా కూర్చుని అరటిపండు కొయ్యడం నేర్పించండి. ముఖ్యంగా పిల్లాడికి!

ఇంక శకునాలు. చాకు బహుమతి ఇస్తే స్నేహం తెగుతుందట, చేతికి చెయ్యి అందిస్తే పోట్లాట వస్తుందట. చెయ్యి తెగకుండా కింద పెట్టి ఇమ్మని పెద్దలు చెప్పింది మంచిమాటే. పోట్లాట మాత్రం చాకు ఇవ్వడం వల్ల రాదు. అడక్కుండా తీసుకెళ్ళి దాంతో మేకులు పీకడం వల్ల వస్తుంది. పురిటిమంచం మీద బాలింత తలకింద కత్తి పెట్టినప్పుడు ఏ శకునం అడ్డురాలేదు. దయ్యం కోసమైతే కత్తి ఇస్తారు, దోసకాయ కోసమైతే ఇవ్వరూ?

ఇంకో రకం మర్యాద కూడా వుంది. దేశంలో ఎక్కడైనా ఘోరం జరిగితే, "ఆడపిల్లలు చాకు దగ్గర పెట్టుకోవాలి" అని ఎవరో ఒకరు అంటారు. 2013 జనవరిలో ముంబయిలో ఒక రాజకీయ పార్టీ ఆడవాళ్ళకి చాకులు పంచిపెట్టింది కూడా. నాకు ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళూ ఉల్లిపాయ కొయ్యడానికి మంచి చాకు ఇవ్వని వాళ్ళు, మమ్మల్ని మేం కాపాడుకోవడానికి మాత్రం ఇస్తారా? వీధిలో దీపాలు వెలిగించడం, బస్సులు సమయానికి నడపడం, ఫిర్యాదు చేస్తే పోలీసు వినడం — ఇవన్నీ మూడంగుళాల చాకు మీద పడేసి చేతులు దులుపుకుంటారా? గింజుకుంటే ఆ చాకు లాక్కుని మన మీదికే తిప్పుతాడు అవతలివాడు. నేను చెప్పే చాకు ఆయుధం కాదు, పనిముట్టు. దయచేసి ఆ రెంటినీ కలపకండి.

చట్టం కూడా ఆ తేడా చూసింది. 2016 ఆయుధాల నిబంధనల్లో తొమ్మిదంగుళాల కన్నా పొడుగో, రెండంగుళాల కన్నా వెడల్పో వున్న కత్తుల్ని ఆయుధాల పట్టికలో పెట్టారు. ఇంటిపనికీ, వ్యవసాయానికీ చేసినవాటిని ఆ పట్టిక నుంచి తప్పించారు. నమ్మకపోతే శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వుంది, అక్కడ చదివే పిల్లల్ని అడగండి. అయినా తెలివి మన దగ్గర వుండాలి. విమానంలో చేతిసంచీలో చాకు పెట్టుకుంటే తీసేసుకుంటారు, సామానులో వెయ్యాలి. తనిఖీ వున్న చోట్లకి, పరీక్ష హాళ్ళకి, కోర్టులకి తీసుకువెళ్ళకండి. ఎన్నికలప్పుడో, గొడవలప్పుడో కత్తులు పట్టుకు తిరగొద్దని పోలీసు ఉత్తర్వులుంటే ఆ నాలుగు రోజులూ అది ఇంట్లో వుంటుంది.

ఖర్చు మాటకొస్తే, కుటుంబం ఒక పూట హోటలుకి వెళ్ళే డబ్బులో మంచి మడతచాకు వస్తుంది. వంటింటికి చిన్న పండ్లచాకైతే అందులో నాలుగోవంతు కూడా కాదు. కొనుక్కోవడం కష్టం కాదు. కొన్నాక అది మనదని చెప్పడమే కష్టం. మొదటి రోజే ఎవరో, "ఒక్కసారి ఇవ్వవే, ఈ మర బిగించి ఇచ్చేస్తా" అంటారు. మొహమాటపడ్డారో, మళ్ళీ మొదటికే.

కాబట్టి ఇంకో పని చెయ్యండి. మన స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించే అలవాటు ఎలాగూ వుంది. మీ వంటింటి అరలు చూసుకోండి. ఎన్ని పేర్లో! పెళ్ళికిచ్చిన మేనమామ పేరు, గృహప్రవేశానికిచ్చిన తోడికోడలి పేరు, ఎవరో గుర్తులేని వాళ్ళ పేర్లు కూడా. మీ పేరున్న వస్తువు ఒక్కటైనా వుందా? మీ చాకు తీసుకుని, గిన్నెల మీద పేర్లు చెక్కే దుకాణానికి వెళ్ళండి. చుక్కలు చుక్కలుగా మీ పేరు కొట్టించుకోండి. ఇంటిపేరు అక్కర్లేదు, మీ పేరు చాలు. ఆ తర్వాత ఎవరైనా మేకు పీకడానికి అడిగితే ఏం చెప్పాలో శామీర్‌పేట కట్ట మీద ఆవిడ మనకి నేర్పింది: ఇయ్య!